మూడో డిస్కు చీటీలు

ఫారో దీవుల్లో, క్లాక్స్‌విక్ రేవు వెనక,
చేపల గిడ్డంగి మీద ఒక గది.
కిటికీకి ఉప్పు పేరుకుంది.
రాత్రి షిఫ్టులో రన్వా, నాలుగు డిస్కులు,
సముద్రం అడుగున ఏడు మైకులు.

అవి విన్నదల్లా తీగ వెంట వచ్చేస్తుంది:
తిమింగిలాల ఈలలు, ఓడల ఇంజన్ల రొద,
నీళ్ల మీద పడే వాన
కింద నుంచి వింటే ఎలా ఉంటుందో, అదీ.
నిమిషానికొక ముక్క చొప్పున
వచ్చింది వచ్చినట్టే వడ్డిస్తుంది సాఫ్ట్‌వేర్.
ఒకటో డిస్కుకి, రెండో డిస్కుకి,
మూడు, నాలుగు, మళ్లీ ఒకటి.
వడ్డించేవాడు మనవాడైతే
కడబంతిన కూర్చున్నా ఫర్వాలేదంటారు.
ఇక్కడ వడ్డించేది ఎవరి మనిషీ కాదు.
ఆకు చిన్నదా పెద్దదా చూడదు.
ఇది పాటా, ఒట్టి హోరా, అడగదు.
రెండో డిస్కు చిన్నది, పాతది,
అందరికంటే ముందు నిండిపోయి
చాలు చాలని చెయ్యి అడ్డం పెడుతుంది.
వరస ఒక్క క్షణం తడబడి
పక్క ఆకు దగ్గరికి జరుగుతుంది.

పడవ నడిపేది హైని. మైకులు దింపేదీ అతనే.
ఈ సంగతంతా అతనికి ఒక్కసారి చెప్పింది రన్వా:
"వేట ఒడ్డుకి చేరాక
ఒక్కో తిమింగిలం మీదా నంబరు చెక్కుతారు కదా,
ఇంటింటికీ చీటీ ఇస్తారు కదా.
చీటీలో మాంసం ఉండదు.
ఏ నంబరు దగ్గరికెళ్లాలో, ఎంత కోసుకోవాలో ఉంటుంది.
ఇదీ అంతే.
మెట్టు నుంచి మెట్టుకి పరిగెత్తేది చీటీయే.
శబ్దం పడుకున్నచోటే పడుకుని ఉంటుంది:
ఫలానా డిస్కు, ఫలానా అర,
ఇక్కడ మొదలు, ఇంత పొడవు."

హైని నవ్వాడు.
"మా నాన్న ఓసారి తడిసిన చీటీ పట్టుకెళ్లి
పక్కింటివాళ్ల వాటా కోసుకొచ్చాడు.
ఏడాదిపాటు మాటల్లేవు."

ఫిబ్రవరి తుఫానుకి పైకి పోయే లైను తెగింది.
రెండు రోజుల సముద్రం ఆ గదిలోనే ఆగిపోయింది.
మూడోనాడు తెల్లవారుజామున
మూడో డిస్కు రెండుసార్లు దగ్గి
మరి పలకలేదు.
రన్వా బయటికి లాగింది. ఇంకా వెచ్చగానే ఉంది,
అప్పుడే దింపిన పెనంలా.

"రెండో ప్రతి ఉంచదా?" ఫోన్లో హైని, వెనక గాలి.
ఉంచదు. ఇది గాదె కాదు, కాలవ.
పారేలోపు కాసేపు నిలిచే నీళ్లు.
ఆ కాసేపట్లోనే, అనబోయి
ఆవలింతలా మింగేసింది.

చిట్టా వేరే చోట ఉంది, చెక్కు చెదరలేదు.
ఏడో మైకు, రెండు గంటల పధ్నాలుగు నిమిషాలు,
ఎంత బరువు, ఏ మెట్టు మీద ఎంతసేపు ఆగింది,
అన్నీ ఉన్నాయి. వినపడటం ఒక్కటే లేదు.
ఐదు వేల పైచిలుకు చీటీలు
ఆటుపోటు ఈడ్చుకుపోయిన తిమింగిలాల పేరిట.

మిగిలినవి విన్నది. ప్రతి నాలుగో నిమిషం గల్లంతు.
ఒకటి ఈల ఎత్తుకుంటుంది, అంతలో ఏమీ ఉండదు,
ఆ తర్వాత దూరంగా ఇంకోటి
దేనికో బదులిస్తూ ఉంటుంది.

కొత్త డిస్కు ఓడలో వచ్చింది.
తడవకుండా కోటులోపల పెట్టుకుని తెచ్చాడు హైని.
అదే గూడు, అదే పేరు.
ఖాళీ కడుపుతో వచ్చిందని
రెండు గరిటెలు ఎక్కువేమీ పడలేదు.
ఒకటి, రెండు, మూడు.
తెరిచి చూస్తే
అరవై సెకన్ల వాన.

హైని చిట్టా మీదికి వంగి చూశాడు.
"రెండుంపావా? ఆ రాత్రి ఏడో మైకు మీదే ఉన్నా.
ఇంజను ఆపాను."
"ఏం వినపడింది?"
చాలాసేపు ఆలోచించాడు.
"ఏం లేదు. థర్మాస్ మూత తిప్పుకున్నా."

అతను వెళ్లాక రన్వా
ఆ వరస పక్కన ఉన్న ఖాళీలో రాసింది:
మూత చప్పుడు, బహుశా.